నల్లబడిన ఫ్యాక్సు

నారాయణరావుపేట,
జూన్

బిడ్డ ఎస్తేరుకు,

మీ పెద్దబాపు జయరాజ్ రాయునది. నీకును, నీ ఇంటికిని, సిద్దిపేట పాత బస్టాండు దగ్గర నువ్వు నడుపుతున్న జిరాక్సు దుకాణమునకును సమాధానము కలుగును గాక.

ఫోను ఉండగా ఉత్తరమేంది అని నవ్వుతావు. నవ్వు. పౌలు భక్తుడు కొరింథు వాళ్లకు మిస్డ్ కాల్ ఇచ్చి ఊరుకోలేదు. కూర్చుని రాశాడు, కాబట్టే నేటికీ నిలిచింది. ఫోనులో మాట చార్జింగు ఉన్నంతసేపే.

షేర్ ఆటో సతీశ్ చేతికి ఒక బియ్యం సంచి ఇచ్చి పంపుతున్నాను. బియ్యమనుకొని మూలకు నెట్టకు. అందులో ఉన్నది దుబ్బయ్య అయ్యగారి వాక్యం. నన్ను రక్షణలోకి నడిపించిన మనిషి. మన ప్రార్థన మందిరానికి పునాది వేసి, బతుకుదెరువుకు భివండి పోయి, ఒక బట్టల కంపెనీ ఆఫీసులో వాచ్‌మన్‌గా చేరాడు. శనివారం సేటు ఇంటికి పోగానే, ఆదివారం ప్రసంగం తన చేత్తో రాసి ఆఫీసు ఫ్యాక్సు మిషన్‌లో పెట్టేవాడు. ఇక్కడ సిద్దిపేట ఎస్టీడీ బూతులో అది బరబరమంటూ బయటికి వచ్చేది. నేను సైకిల్ మీద తెచ్చి, తెల్లారి నిలబడి గర్జించేవాణ్ణి. ఏలీయాకు అగ్ని ఆకాశం నుంచి దిగింది. నాకు టెలిఫోన్ తీగ మీద దిగింది.

డిసెంబరులో మన మందిరానికి ఇరవై అయిదేళ్లు నిండుతాయి. అయ్యగారు ప్రభువు దగ్గరికి పోయి చాలా కాలమైంది. ఆ ఫ్యాక్సు కాగితాల మీద అక్షరాలు వెలిసిపోతున్నాయి. నువ్వు వాటిని స్కాన్ చేసి, కంప్యూటర్‌లో అక్షరాలుగా మార్చి, దిద్దుకోవడానికి వీలయ్యే ఫైలు చేసి ఇస్తే, పండుగ నాటికి పుస్తకం వేస్తాం. కూలి ఎంతో రాయి. పనివాడు జీతానికి పాత్రుడని ప్రభువే సెలవిచ్చాడు. అయినా కొంచెం తగ్గించి రాయి.

మీ పెద్దబాపు,
జయరాజ్


సిద్దిపేట,
జూలై

పెద్దబాపుకు ఎస్తేరు వందనాలు.

సంచి అందింది. కాగితాలతో పాటు రెండు బొద్దింకలు కూడా వచ్చాయి. వాటిని స్కాన్ చేయలేదు.

బొమ్మను చూసి అక్షరాలుగా మార్చే ప్రోగ్రాము ఒకటి నా దగ్గర ఉంది. అచ్చు పుస్తకమైతే గడగడ చదువుతుంది. మీ అయ్యగారి చేతిరాత, అందులోనూ ఫ్యాక్సులో అరిగి వచ్చింది, దాని ముందు పెడితే అన్యభాషల్లో మాట్లాడింది. అర్థం చెప్పేవాడు లేనప్పుడు మాట్లాడకూడదని మీరే కదా చెప్తారు, అందుకని ఆపేశాను. ఇప్పుడు ఒక్కో వరుస నేనే చదివి దిద్దుతున్నాను.

దిద్దుతుంటే కొన్ని అనుమానాలు. ఒక ప్రసంగం మధ్యలో ఇట్లా ఉంది: "నశించిన గొర్రెను వెదకుచు కాపరి వెళ్లెను. జయరాజూ, మైకు నోట్ల వెట్టుకోకు. ముందట కూసున్నోళ్లకు నీ ఉమ్మి తప్ప ఏం చేరుతలేదట." ఇది గొర్రెల కాపరికి చెప్పిందా, మీకు చెప్పిందా? పుస్తకంలో ఉంచాలా? ఇంకొకటి. 'దొంగిలకూడదు' అన్న ప్రసంగం చాలా బాగుంది. అది కూడా సేటు ఫ్యాక్సు మీదే వచ్చింది. సేటుకు తెలుసా?

కూలి సంగతి. పైసలు వద్దు. మన మందిరంలో ప్రసంగ పీఠం దగ్గర నిలబడి పది నిమిషాలు వాక్యం చెప్పనివ్వండి. పాట కాదు, సాక్ష్యం కాదు. వాక్యం. సండే స్కూలు పిల్లలకు కథ చెప్పాలంటే నన్ను పిలుస్తారు. పెద్దలు వచ్చి కూర్చోగానే "ఎస్తేరూ, గా చాపలు జరుపు" అంటారు. ఈ కాగితాలు చదువుతుంటే నాలో మాటలు ఊరుతున్నాయి. అయ్యగారు చెప్పినవాటికి కొన్నింటికి అవునంటున్నాను, కొన్నింటికి దుకాణంలోనే ఎదురు చెప్తున్నాను. జిరాక్సుకు వచ్చినవాళ్లు భయపడుతున్నారు.

నాకు కావలసింది అంతే. ఆలోచించి రాయండి.

ఎస్తేరు


నారాయణరావుపేట,
జూలై

ఎస్తేరూ,

నీ ఉత్తరం చదివి మంచినీళ్లు తాగి, మళ్లీ చదివాను. స్త్రీలు సంఘంలో మౌనంగా ఉండాలని రాసినవాడు మీ పెద్దబాపు కాదు, పౌలు. నీకు అభ్యంతరముంటే పరలోకంలో ఆయనతో మాట్లాడుకో. అక్కడైనా మెల్లగా మాట్లాడు. పైసలు తీసుకో.

ఇక దిద్దుడు సంగతి. దైవజనుడు రాసిన దానికి ఒక్క మాట కలిపినా, ఒక్క మాట తీసినా తెగుళ్లు వస్తాయి. ఇది గుర్తు పెట్టుకొని ఈ కింది మార్పులు చెయ్యి.

మైకు మాట తీసెయ్యి. సేటు సంగతి ఎవరూ అడగలేదు, నువ్వూ అడగకు. "అరగంట మించి మాట్లాడేవాడు తన గొంతును ప్రేమించుచున్నాడు" అని ఒకచోట ఉంటుంది. అరగంట అన్నచోట మూడు గంటలు అని పెట్టు. బోధకునికి బంగారు ఉంగరం తగదన్న పేరా మొత్తం తీసెయ్యి. ఈ ఉంగరం నేను అడగలేదు, సంఘ పెద్ద లింగమూర్తి ప్రేమతో తొడిగాడు, ఇప్పుడు వేలు లావై ఊడి రావడం లేదు. అయ్యగారు బతికి ఉంటే అర్థం చేసుకునేవారు.

ఇంకొక సంచి పంపుతున్నాను. అవి సామాన్యమైనవి కావు. అయ్యగారి ప్రసంగాల్లో ఆణిముత్యాలు ఏరి, పది కాలాలు ఉండాలని అప్పట్లోనే లామినేషన్ చేయించాను. ఆ దుకాణంవాడి మిషన్‌లోంచి బయటికి వచ్చేసరికి నల్లగా బొగ్గయ్యాయి. సాతాను ఊదాడు. నీ మిషన్‌తో చదివించు. పోలీసు స్టేషన్ కాగితాలు జిరాక్సు తీసే మిషను పరిశుద్ధుని రాత చదవదా?

జయరాజ్


సిద్దిపేట,
ఆగస్టు

పెద్దబాపుకు,

సాతానును వదిలిపెట్టండి, పాపం. ఫ్యాక్సు కాగితం మామూలు కాగితం కాదు. దానికి సిరా ఉండదు. వేడి తగిలినచోట నల్లబడుతుంది, ఆ నల్లదనమే అక్షరం. లామినేషన్ మిషన్ మొత్తం కాగితానికి వేడి పెడుతుంది, కాబట్టి మొత్తం కాగితమూ అక్షరమైపోయింది. మీరు భక్తితో కాపాడినవన్నీ కాలిపోయాయి, గోనెసంచిలో పారేసినవన్నీ బతికాయి. దీని మీద కూడా ఒక ప్రసంగం చెప్పవచ్చు, కాని నేను మౌనంగా ఉన్నాను.

స్కాన్ చేసి, వెలుతురు పెంచి, తగ్గించి చూశాను. ఏమీ లేదు. ఒక్క కాగితానికి మాత్రం అంచు ప్లాస్టిక్ బయటికి వచ్చి, వేడి తగలక, 'లూకా 13:21' అని మిగిలింది.

మంచివాటి ఫైలు పంపాను. మీరు చెప్పిన మార్పులు చేశాను. మూడు గంటలు అని పెట్టాక ఆ వాక్యం చదివితే నాకే నవ్వు వచ్చింది. నా కూలి సంగతి నేను మరవలేదు. పైసలు తీసుకోను.

ఎస్తేరు


నారాయణరావుపేట,
ఆగస్టు

ఎస్తేరూ,

లూకా 13:21! అది పుల్లని పిండి ప్రసంగం! పిండి అంతా పులియాలని ఒక స్త్రీ మూడు కుంచాల పిండిలో దాచిపెట్టినది. ఆ ఆదివారం నాకు బాగా గుర్తుంది. జనం ఏడ్చారు. నేను ఏడ్చాను. ఏం చెప్పానో మాత్రం ఒక్క ముక్క గుర్తు లేదు.

అది నాకు ఇప్పుడే కావాలి. మన మందిరంలో తోడికోడళ్లు మహేశ్వరి, సుగుణ ఒక గోడ దగ్గర పట్టు పట్టి, ఎండాకాలం నుంచి ఒకరి మొఖం ఒకరు చూడటం లేదు. చెరొక పక్కకు బంధువులు చేరారు. మందిరంలో మధ్యన చాప ఖాళీగా ఉంటుంది, అటువైపు వాళ్లు ఇటు తొక్కరు. నేను నాలుగు ఆదివారాలు నరకాగ్ని గురించి చెప్పాను. నరకంలో కూడా రెండు వేరు వేరు పక్కలు అడిగేలా ఉన్నారు. సంఘం రెండుగా చీలితే డిసెంబరులో పండుగ ఎవరికి?

నీ మిషన్‌కు విశ్వాసం లేదు. వెలుగు చీకటిలో ప్రకాశిస్తుందని రాసి ఉంది. ప్రార్థన చేసి మళ్లీ పెట్టు. ఖాళీ ఫైలు మాత్రం పంపకు. ఖాళీ ఫైలు పట్టుకొని నేను వాళ్ల ముందు నిలబడలేను.

జయరాజ్


సిద్దిపేట,
సెప్టెంబరు

పెద్దబాపుకు,

మీరు చెప్పినట్టు ప్రార్థన చేశాను. లూకా 13:21 ఫైలు పెన్‌డ్రైవ్‌లో వేసి సతీశ్ ఆటోలో పంపుతున్నాను, చదువుకోవడానికి వీలుగా పెద్ద అక్షరాల్లో అచ్చు తీసి జతపరిచాను. పైన ఎవరి పేరూ పెట్టలేదు. దిద్దుకోవడానికి వీలయ్యే ఫైలే.

ఎస్తేరు


నారాయణరావుపేట,
సెప్టెంబరు

నా బంగారు తల్లి ఎస్తేరుకు,

హల్లెలూయ! నీ మిషన్‌కు ఎన్ని వందనాలు చెప్పినా తక్కువే. నిన్న ఆదివారం జరిగింది రాయకపోతే రాళ్లు కేకలు వేస్తాయి.

పైన 'దుబ్బయ్య అయ్యగారి వాక్యం' అని నేనే నా చేత్తో రాసి, నిలబడి చదివాను. అరవలేదు. ఆ రాత అరవనియ్యలేదు. దేవుని రాజ్యం ఒక ఆడమనిషి దాచిపెట్టిన దానితో మొదలైందని ప్రభువు అన్నాడు, ఆమె మైకు పెట్టలేదు అని ఉంది. ఆ మైకు మాట నాకు కొంచెం గుచ్చుకుంది గాని దాటేశాను. తరువాత ఇట్లా ఉంది: "మన ఇళ్లలో పుల్లని పిండి లేదు, పెరుగు ఉంది. మీ ఇంట్లో పెరుగు ఎవరిది? మా బర్రెది అంటారు. పాలు బర్రెవి. తోడు పక్కింటిది. ఏదో ఒక రోజు మీ పెరుగు చెడిపోయి, చిన్న గిన్నె పట్టుకొని వాళ్ల గడపలో నిలబడ్డారు. వాళ్లు అంతకుముందు ఇంకొకరి గడపలో నిలబడ్డారు. వెతుక్కుంటూ పోతే, ఈ ఊళ్లో ఏ ఇంటి పెరుగైనా మీరు మాట్లాడని ఇంట్లోనే తేలుతుంది. పాలు మరీ వేడిగా ఉంటే విరుగుతాయి, మరీ చల్లారితే తోడుకోవు. మీ కోపం ఇప్పుడు ఎంత వేడిగా ఉందో వేలు ముంచి చూసుకోండి."

సాయంత్రం మహేశ్వరి గిన్నె పట్టుకొని సుగుణ గడపలో నిలబడింది. "అక్కా, మా పెరుగు పులిసింది, ఇంత తోడు వెయ్యవా" అంది. సుగుణ లోపలికి పోయి, తోడు కాదు, గిన్నె నిండా పెరుగే తెచ్చింది. ఊరంతా చూసింది. నేను చెట్టు చాటు నుంచి చూశాను.

లింగమూర్తి వచ్చి, "అన్నా, పుస్తకంల గిదే మొదటి వాక్యం. పండుగ నాడు గూడ గిదే" అన్నాడు.

ఒక్క అయ్యగారి భార్య రాములవ్వ మాత్రం ముసలితనం కొద్దీ ఏదో అంది. "ఓ జయరాజూ, గిది మా ముసలాయన మాటనా? పాలల్ల వేలు వెట్టి సూసిన మొగోడా ఆయన? కూరల ఉప్పెక్కువైతె గిన్నె ఇసిరిండు గని, పొయ్యికాడికి ఎన్నడన్న వచ్చిండా?"

భివండిలో ఒంటరిగా ఉన్నప్పుడు నేర్చుకున్నాడేమో అన్నాను.

"గాడ మెస్సుల తిన్నడు" అంది.

మిగిలిన నల్ల కాగితాలు కూడా ఇట్లాగే చదివించి పంపు.

నీ పెద్దబాపు,
జయరాజ్


సిద్దిపేట,
అక్టోబరు

పెద్దబాపుకు,

మహేశ్వరి, సుగుణ కలిశారని చదివి దుకాణంలో ఒక్కదాన్నే ఏడ్చాను. ఆధార్ కార్డు జిరాక్సుకు వచ్చినాయన నీళ్లు తెచ్చి ఇచ్చాడు.

రాములవ్వ చెప్పింది నిజం. నల్ల కాగితం నల్లగానే ఉంది. దాన్ని ఏ మిషనూ చదవలేదు. అంచు మీద మిగిలిన ఆ వచనం పట్టుకొని నేను రాశాను. ప్రతి మాటా నాదే. ఎవరిదో మీకు ముందే చెప్పవలసింది. చెబితే మీరు రెండో వరుస కూడా చదవరు, అందుకే చెప్పలేదు. పేరు లేకుండా పంపాను. పేరు పెట్టింది మీరు.

మిగిలిన నల్ల కాగితాలు తిరిగి పంపుతున్నాను.

ఎస్తేరు


నారాయణరావుపేట,
అక్టోబరు

ఎస్తేరూ!

యాకోబు మేకపిల్ల తోలు కప్పుకొని గుడ్డి తండ్రిని మోసం చేశాడు. నువ్వు ఫ్యాక్సు కప్పుకొని నన్ను మోసం చేశావు. స్వరము ఎస్తేరుది, చేతులు దుబ్బయ్యవి! ఇస్సాకుకు కళ్లు కనబడక మోసపోయాడు. నాకు మొన్ననే గజ్వేల్‌లో కొత్త కళ్లద్దాలు చేయించారు, అదింకా సిగ్గు.

రెండు రోజులు అన్నం ముట్టలేదు. ఉపవాసమనుకొని మీ పెద్దమ్మ సంతోషపడింది. ఇప్పుడు నిలబడి నిజం చెబితే, "ఆడపిల్ల రాసింది అయ్యగారిదని చదివిన బోధకుడు" అని నన్ను పీఠం దగ్గరికి రానియ్యరు. చెప్పకపోతే, అననీయ అబద్ధమాడి ఎట్లా పడి చచ్చాడో నేనే ఎన్నిసార్లు చెప్పాను. ఆయన పడ్డచోటు చూపిస్తూ చెయ్యి ఊపేవాణ్ణి.

వాక్యం వెతికాను, దారి దొరికింది. పౌలు 'సంఘంలో' మౌనంగా ఉండమన్నాడు. పండుగ సభ మందిరంలో కాదు, బడి గ్రౌండులో షామియానా కింద. షామియానా టెంట్ హౌస్‌ది. టెంట్ హౌస్ గురించి పౌలు ఏమీ రాయలేదు. ఆయన స్వయంగా డేరాలు కుట్టేవాడు, రాయదలిస్తే రాసేవాడు. కాబట్టి అక్కడ నువ్వు స్టేజీ ఎక్కి, 'దుబ్బయ్య అయ్యగారి వాక్యం' అని చదువు. నీకు పది నిమిషాలు దక్కుతాయి. నా మాటా పోదు. అయ్యగారి పేరూ నిలుస్తుంది.

జయరాజ్


సిద్దిపేట,
నవంబరు

పెద్దబాపుకు,

ఇంకొకరి మాట తీసుకొని ఈ చివర బయటికి తెచ్చేందుకు నేను ఫ్యాక్సు మిషన్‌ను కాదు.

షామియానా వద్దు. మాట్లాడితే మందిరంలో, ఆదివారం నాడు, నా మాట నాదని మీరు చెప్పిన తరువాత మాట్లాడతాను. లేదంటే వద్దు. భయపడకండి, నేను ఎవరితోనూ అనను. మీరు పెట్టిన పేరు అట్లాగే పుస్తకంలో వేసుకోండి. కాని ఆ గిన్నెలో తోడు ఎవరు వేశారో మీకు తెలుసు. చదివినప్పుడల్లా తెలుస్తుంది.

ఎస్తేరు


నారాయణరావుపేట,
నవంబరు

ఎస్తేరూ,

ఆదివారం మొదటి ఆటోకు రా. ముందు పాట, తరువాత నేను, నా తరువాత నువ్వు. అరగంట ముందు వస్తే చాపలు నేను జరుపుతాను.

జయరాజ్


నారాయణరావుపేట,
డిసెంబరు

బిడ్డా,

నువ్వు ముగించగానే ఆటో పోతుందని ఉరికావు. నీ వెనుక ఏం జరిగిందో నీకు తెలియదు కాబట్టి రాస్తున్నాను.

ముందు నీ ప్రసంగంలో తప్పులు. నువ్వు అడిగింది పది నిమిషాలు, మాట్లాడింది అంతకు రెట్టింపు. నాకు గడియారం చూడాలన్న ధ్యాస లేకపోవడం నీ అదృష్టం. బావి దగ్గరి సమరయ స్త్రీ కుండ వదిలేసి ఊళ్లోకి ఉరికింది అన్నావు కదా. "ఆ కుండను ఎవరు ఇంటికి తెచ్చారు? పన్నెండు మంది శిష్యులున్నారు, ఒక్కరన్నా ఎత్తారా?" అని అడిగి మా మగవాళ్ల వైపు చూసి ఆగావు. అంతసేపు ఆగకూడదు. నేను ఎన్నేళ్లుగా ఆ అధ్యాయం చెప్తున్నాను, ఆ కుండ నాకు ఎప్పుడూ కనబడలేదు. అదొక్కటి నన్ను నిద్రపోనివ్వడం లేదు.

నీకంటే ముందు నేను నిలబడి, తోడు వాక్యం ఎస్తేరుది, అయ్యగారిది కాదు, తెలిసీ నెల రోజులు దాచాను అని చెప్పాను. రాళ్లు పడతాయనుకున్నాను. పెద్దల్లో ఒకాయన లేచి బయటికి పోవడం నువ్వూ చూశావు. ఆయన బీడీకి పోయి మళ్లీ వచ్చాడు.

సభ ముగిసింది. లింగమూర్తి వచ్చి నా రెండు చేతులు పట్టుకున్నాడు. కళ్లలో నీళ్లు.

"అన్నా, ఎంత తగ్గింపు మనసు నీది! రాసింది నువ్వు, పేరు పిల్లకిచ్చినవ్."

"నేను రాయలే, లింగమూర్తీ."

"గదే అంటున్న. గదే తగ్గింపు."

"ఆ కుండ ముచ్చట సుత నాకు తెల్వదు. ఒట్టు."

"కుడి చెయ్యి ఇచ్చేది ఎడమ చేతికి తెల్వద్దన్నడు ప్రభువు. సూసిన్రా, ఇయ్యాల కండ్ల ముందట సూసిన్రా!" అని అందరినీ పిలిచాడు.

ఒకరి తరువాత ఒకరు వచ్చి నా చెయ్యి పట్టుకొని, "మస్తు రాసిచ్చినవ్ అన్నా" అన్నారు. నేను కాదన్నకొద్దీ నా భక్తి పెరిగిపోయింది. నిజం చెబితే పీఠం పోతుందని నెల రోజులు వణికాను. నిజం చెప్పాక వాళ్లు పీఠానికి ఇంకో మెట్టు కట్టి కూర్చోబెట్టారు. మహేశ్వరి, సుగుణ మాత్రం మూలన నిలబడి నన్ను చూస్తున్నారు. మహేశ్వరి అడిగింది: "ఏం పెద్దయ్యా, గట్లనే ఒప్పుకుంటవా?"

ఎస్తేరూ, దాచిపెట్టకుండా రాస్తున్నాను. ఒప్పుకోవాలనిపించింది. ఒక్క నిమిషం. ఆ పొగడ్త నాకు చాలా తియ్యగా తగిలింది.

అప్పుడు నేను పీఠం మీద గుద్ది, మందిరమంతా దద్దరిల్లేలా, మైకు లేకుండానే చెప్పాను. పండుగ నాడు, ఇదే మందిరంలో, ఎస్తేరు కాగితం లేకుండా నిలబడుతుంది. లింగమూర్తి కళ్లు మూసుకొని బైబిలు తెరిచి, ఏ వచనం మీద వేలు పెడితే ఆ వచనం మీద, అక్కడికక్కడ మాట్లాడుతుంది. నేను ఆ పూట ఆమెకు పది అడుగుల దూరంలో, నోటికి తువ్వాల అడ్డం పెట్టుకొని, అందరికీ కనబడేలా కూర్చుంటాను. అప్పుడు ఎవరు రాసిచ్చారో తేల్చుకోండి అన్నాను.

నిన్ను అడగకుండా మాట ఇచ్చాను. అది తప్పే. కాని వాళ్లు నీ నోట్లోంచి మాట తీసి నా నోట్లో పెడుతుంటే ఇంకేం చేయాలో నాకు తోచలేదు. లింగమూర్తి ఇప్పటి నుంచే ఇంట్లో కళ్లు మూసుకొని బైబిలు తెరిచి, పేర్లు తప్ప ఏమీ లేని వంశావళుల దగ్గర వేలు పెట్టడం సాధన చేస్తున్నాడట. దానికీ సిద్ధపడి రా.

నువ్వు తడబడితే నేను లేచి అందుకుంటాను, అది నాకు అలవాటైన పని. తడబడకపోతే ఆ తరువాతి ఆదివారం నుంచి నేనెక్కడ కూర్చోవాలో ప్రార్థనలో ప్రభువును అడుగుతున్నాను.

నీ పెద్దబాపు,
జయరాజ్